బోటు ఇంజను ఫాల్ట్ కోడ్ చూపిస్తే ఏం చేయాలి? సెన్సార్ కొనే ముందు చదవండి

డిస్‌ప్లే మీద పసుపు లైటు వెలగ్గానే సెన్సార్ పీకేసి కొత్తది పెట్టడం ఒడిశా తీరంలో గోపాల్‌పూర్ నుంచి రంభ దాకా అలవాటైపోయింది. కొత్త సెన్సార్ ఊరు దాటి రావాలి, అప్పటిదాకా బోటు ఒడ్డునే ఉండాలి. తీరా బిగించాక మళ్లీ అదే కోడ్. సగం కోడ్ చదివి మిగతా సగం వదిలేయడం వల్లే ఈ ఖర్చంతా.

ఇక్కడ చెప్పేది ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటర్) ఉన్న డీజిల్ ఇన్‌బోర్డ్ ఇంజన్ల గురించి, అంటే జే1939 (ఇంజను కంప్యూటర్లు మాట్లాడుకునే ఒక ప్రమాణం) పద్ధతిలో కోడ్ చూపించేవాటి గురించి. కార్బ్యురేటర్ ఉన్న చిన్న టూ స్ట్రోక్ ఔట్‌బోర్డుకు కోడ్లుండవు. లైటు మిణుకుమిణుకుతో కోడ్ చెప్పే ఔట్‌బోర్డులకు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే, దాని మాన్యువల్ చూసుకోవాలి.

సామాన్లు: డిజిటల్ మల్టీమీటర్, రెండు వైర్లు కట్టిన 21 వాట్ల బల్బు (మీ బ్యాటరీ వోల్టేజికి సరిపోయేది), కాంటాక్ట్ క్లీనర్, కనెక్టర్ పిన్నుకు సరిగ్గా సరిపోయే కొసలున్న చిన్న జంపర్ వైరు, మీ ఇంజను వైరింగ్ బొమ్మ. నోటు పుస్తకం, పెన్సిల్ తప్పనిసరి. ఫోన్లో తీసిన ఫొటో అవసరమైనప్పుడు దొరకదు.

1. రాసుకోండి, క్లియర్ కొట్టకండి

కీ ఆన్ చేసి యాక్టివ్ కోడ్లు ఒక పక్కన, పాతవి ఇంకో పక్కన రాయండి. ప్రతి కోడుకూ ఎస్‌పీఎన్ (మొదటి అంకె), ఎఫ్‌ఎంఐ (దాని పక్కన ఉండే రెండో అంకె), ఎన్నిసార్లు వచ్చింది, ఇంజను అప్పటికి ఎన్ని గంటలు తిరిగింది అన్నవి ఉండాలి. ముందే క్లియర్ కొడితే ఆధారం పోతుంది.

2. రెండో అంకె చదవండి

ఎస్‌పీఎన్ ఎక్కడో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఏమైందో చెబుతుంది. బరంపురం మెకానిక్కుకు ఫోన్ చేసి "అన్నా, నూట పది వచ్చింది" అంటే సరిపోదు. నూట పది పక్కన ఎంత ఉందో చెప్పాలి.

110 అంటే కూలెంట్ వేడి. పక్కన 0 ఉంటే ఇంజను నిజంగానే కాగిపోతోంది, సెన్సార్ నిజమే చెబుతోంది. సీ స్ట్రైనర్ (బయటి నీళ్లు లోపలికి వచ్చే చోట ఉండే జాలి) విప్పి చూడండి. చిలికా నీళ్లలో తిరిగే బోటైతే గడ్డి, పాలిథిన్ పట్టేసి ఉంటుంది. అది శుభ్రంగా ఉంటే నీళ్ల పంపులో తిరిగే ఇంపెల్లర్ రెక్కలు చూడండి. అదే 110 పక్కన 3 గానీ 4 గానీ ఉంటే ఇది కరెంటు సంగతి: 3 అంటే సిగ్నల్ వోల్టేజి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 అంటే తక్కువ. 5 అంటే సర్క్యూట్ తెగింది. 2 అంటే రీడింగ్ నిలకడగా లేదు, ఎక్కువసార్లు వదులైన పిన్నే కారణం.

100 ఆయిల్ ప్రెషర్. దాని పక్కన 1 కనబడితే, అంటే ప్రెషర్ ప్రమాదకరంగా పడిపోతే, వెంటనే ఇంజను ఆపాలి. అలలు విరిగే చోట ఉంటే మాత్రం ముందు మనుషుల్ని బయటపడేయండి, ఇంజను సంగతి తర్వాత. 97 డీజిల్లో నీళ్లు: సెపరేటర్ (డీజిల్ నుంచి నీళ్లు వేరుచేసే ఫిల్టర్) అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలేయండి, డీజిల్ డ్రమ్మును కూడా అనుమానించండి. 157 రైలు ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పైపులోని ఒత్తిడి. ఆ పైపుల్లో 1,600 బార్లు, అంతకు మించి ఉంటుంది. ఇంజను తిరుగుతుండగా నట్టు వదులు చేస్తే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ఆపాక కూడా మాన్యువల్ చెప్పినంత సేపు ఆగండి.

3. ముందు కరెంటు సరిచేయండి

ఒకేసారి అయిదారు కోడ్లు పడితే అయిదారు సెన్సార్లు పోయినట్టు కాదు. 168, అంటే బ్యాటరీ వోల్టేజి, జాబితాలో ఉంటే దానితోనే మొదలుపెట్టండి. స్టార్టర్ తిరిగేటప్పుడు 12 వోల్టుల సిస్టంలో 9 కన్నా, 24లో 18 కన్నా కిందికి పడకూడదు. ఈసీయూకు వచ్చే సప్లై, ఎర్తు వైర్ల మధ్య బల్బు పెట్టి చూడండి. ఉప్పు తిన్న వైరులో ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్ 12 చూపిస్తుంది, బల్బు మాత్రం మసకగా వెలిగి గుట్టు బయటపెడుతుంది.

సెన్సార్లకు పోయే 5 వోల్టులు పడిపోయి ఉంటే సెన్సార్లను ఒక్కొక్కటే ఊడదీయండి. ఏది తీయగానే 5 తిరిగొస్తే షార్టు దానిలోనే.

4. సెన్సారా, వైరా?

పని చెడేది ఇక్కడే. కింది పద్ధతి రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్‌కు మాత్రమే.

110 పక్కన 3 ఉందనుకోండి. ఈ సెన్సార్‌లో వైరు తెగినా సిగ్నల్ వోల్టేజి పెరిగి 3 పడుతుంది. కీ ఆఫ్ చేసి కనెక్టర్ ఊడదీయండి. పచ్చ చిలుము ఉందేమో, పిన్ను వెనక్కి జారిందేమో వెలుతురులో చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. బాగుంటే వైరింగ్ వైపున్న రెండు పిన్నులనూ జంపర్‌తో కలిపి కీ ఆన్ చేయండి. కోడ్ 3 నుంచి 4కు మారితే వైరు, ఈసీయూ రెండూ బాగున్నట్టే, అప్పుడు సెన్సార్ కొనండి. మారకుండా 3గానే ఉంటే వైరు ఎక్కడో తెగింది, సెన్సార్ మార్చినా లాభం లేదు. మొదట వచ్చింది 4 అయితే జంపర్ అక్కర్లేదు: సెన్సార్ ఊడదీయగానే 3కు మారితే తప్పు సెన్సార్‌ది, 4గానే ఉంటే వైరు ఒరుసుకుని షార్టయింది. కొత్త సెన్సార్ బిగించి చూడటం వల్ల ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

జంపర్ ఆ రెండు పిన్నుల మధ్యే ఉండాలి. బ్యాటరీ ప్లస్ తగిలితే ఈసీయూ పోతుంది. ప్రెషర్ సెన్సార్లకు మూడు వైర్లుంటాయి, వాటిలో ఒకటి 5 వోల్టుల సప్లై. అక్కడ ఊహ మీద జంపర్ పెట్టకండి, 5 వోల్టులు, ఎర్తు వస్తున్నాయో లేదో చూసి మాన్యువల్ ప్రకారం పోండి. ఇంజెక్టర్ వైర్ల జోలికి అసలు వెళ్లొద్దు, ఇంజను తిరిగేటప్పుడు షాక్ కొట్టే వోల్టేజి ఉంటుంది.

మల్టీమీటర్ మొనను పిన్ను రంధ్రంలోకి గుచ్చకండి. రంధ్రం వెడల్పై పట్టు పోతుంది, ఆ తర్వాత మీరు చేసిన పనికే ఎఫ్‌ఎంఐ 2 పడుతుంది. వైరు తోలుకు సూది గుచ్చడం ఇంకా ఘోరం. కారుకైతే కొన్నేళ్లు గడుస్తాయేమో, సముద్రపు గాలికి ఆ రంధ్రంలోంచి ఉప్పు దిగి లోపలి రాగి పచ్చబడి పొడైపోతుంది. ఆ చోటు తర్వాత ఎవరికీ దొరకదు. వెతికేటప్పుడు ఎప్పుడూ కనెక్టర్ దగ్గరే చూడండి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, డైఎలెక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు పల్చగా రాసి, క్లిక్ వినబడేదాకా నొక్కండి. మామూలు గ్రీజు వద్దు.

639 పడితే కాన్ లైను, అంటే ఈసీయూ, డిస్‌ప్లే మాట్లాడుకునే రెండు వైర్లు, చూడాలి. బ్యాటరీ తీసేసి రెండు కాన్ వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివరి రెసిస్టర్ లేదు, లేదా ఆ వైపు లైను తెగింది.

5. లోడు మీద నడపండి

ఇప్పుడు క్లియర్ కొట్టండి. ఒడ్డున ఐడిల్‌లో వదిలేసి సరే అనుకోవద్దు. బయటికి తీసుకెళ్లి, రోజూ వేట కెళ్లే వేగంలో అరగంట నడపండి, కదుపుకు పట్టు తప్పే పిన్ను ఉంటే అప్పుడే బయటపడుతుంది. తిరిగొచ్చాక పాత కోడ్ల జాబితా మళ్లీ తెరిచి, ఆ కోడ్ మళ్లీ చేరిందేమో చూసి, తేదీ, ఇంజను గంటలు పుస్తకంలో రాసుకోండి.