కందుకూరు ఫోటో ఏ జిల్లాది? డిజిటల్ సేకరణల మెటాడేటాలో చిక్కులు, పరిష్కారాలు

ఊరి గ్రంథాలయంలోని పాత ఫోటోలనో, అటక మీది తాటాకు కట్టలనో స్కాన్ చేసి వెబ్‌లో ఉంచిన కొన్నాళ్లకు, "పెట్టాం గానీ వెతికితే దొరకడం లేదు" అన్న మాట వినిపిస్తుంది. చాలాసార్లు లోపం స్కానింగులో కాక, వస్తువును వర్ణిస్తూ రాసిన వివరాలలో, అంటే మెటాడేటాలో ఉంటుంది. డిజిటల్ సేకరణలను వెబ్‌లో ఉంచే ఒమేకా వంటి సాఫ్ట్‌వేర్లు వాడే డబ్లిన్ కోర్ అనే మెటాడేటా ప్రమాణంలో మూల అంశాలు 15 ఉన్నా, చిక్కులన్నీ నాలుగైదు గడుల చుట్టూనే తిరుగుతాయి.

సమస్య: నెల్లూరు అని వెతికినవారికి కందుకూరు వస్తువులు కనబడవు, ఒంగోలు వస్తువులు మూడు జిల్లాల పేర్ల కింద చెదిరిపోతాయి.

కారణం: ఊరు కదలలేదు, జిల్లా కదిలింది. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ ఏడు గుంటూరు జిల్లాకు, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాకు మారింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి ఇటు వచ్చి, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులో కలిసింది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో వెలువరించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలలో ఒంగోలు శాసనాలు కూడా ఉన్నది అందుకే.

పరిష్కారం: స్థలం గడిలో ఊరి పేరును మాత్రమే స్థిరంగా ఉంచి, దానికి వికీడేటా (వికీపీడియాకు తోడుగా నడిచే సమాచార నిధి) ఆ ఊరికిచ్చిన సంఖ్యనో, అక్షాంశ రేఖాంశాలనో జతచేయాలి. పత్రం మీద ముద్రితమైన జిల్లా పేరును దిద్దకుండా వర్ణనలో ఉన్నదున్నట్లు రాసి, వెతుకులాట కోసం నేటి జిల్లాను మరో గడిలో ఇవ్వాలి. జిల్లాలు మళ్లీ మారితే ఆ ఒక్క గడిని మార్చుకుంటే చాలు.

సమస్య: కాలక్రమంలో అమర్చితే 1968 నాటి ఫోటో 1950 నాటి ఫోటో కంటే ముందు వస్తుంది.

కారణం: 12-3-1968, 3-1-1950 అని రాసిన తేదీలను యంత్రం మొదటి అంకెను బట్టి పేరుస్తుంది. మన పత్రాలలో ఇంతకంటే పెద్ద చిక్కు సంవత్సరం పేరుతో వస్తుంది. "క్రోధి" అని మాత్రమే ఉంటే అది 1904-05 కావచ్చు, 1964-65 కావచ్చు; పైగా ఉగాదితో మొదలయ్యే ఏడు రెండు ఇంగ్లీషు సంవత్సరాలలోకి విస్తరిస్తుంది. మోటుపల్లి శాసనంలోని శక 1166కు 78 కలిపితే 1244 వచ్చినా, ఆ శక సంవత్సరం 1245 దాకా సాగుతుంది.

పరిష్కారం: తెలిసిన తేదీని 1968-03-12 అని, రెండేళ్లకు విస్తరించినదాన్ని 1244/1245 అని, అంచనా తేదీని 1970~ అని రాయాలి. పత్రంలోని "క్రోధి" అన్న మాటను వర్ణనలో యథాతథంగా ఉంచి, అది ఏ ఏడో ఎలా నిర్ణయించామో ఒక వాక్యంలో చెప్పాలి. ఈ వాక్యం రాయడానికి బద్ధకిస్తే, పదేళ్ల తరువాత మన అంచనానే ఇంకొకరు ఆధారంగా చూపుతారు. నెల్లూరు బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగ మొహర్రంను అనుసరించి ఏటా వేరే తేదీలలో వస్తుంది కనుక, తేదీ లేని ఆ పండుగ ఫోటోకు ఊహతో నెల పేరు వేయరాదు.

సమస్య: శాసనం ఫోటో "2019లో సృష్టించినది" అని కనబడుతుంది.

కారణం, పరిష్కారం: రాయి ఒకటి, దాని ఫోటో మరొకటి. ప్రధాన నమోదులో రాయి కాలాన్ని రాసి, ఫోటో తీసిన తేదీని, తీసినవారి పేరును ఫైలుకు చెందిన వివరాలలో చేర్చాలి.

సమస్య: తెలుగులో వెతికితే శూన్యం.

కారణం: అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన వర్ణన తెరపై తెలుగులా కనిపించినా, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. అన్ని లిపులకూ ప్రామాణిక సంకేతాలిచ్చే యూనికోడ్‌లోనే ఉన్నా మాటలు వేరైతే ఫలితం అంతే: గూడూరు గనుల చిత్రానికి "అభ్రకం" అని రాస్తే, "మైకా" అనో "కాకి బంగారం" అనో వెతికేవారికి అది చిక్కదు.

పరిష్కారం: పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు తారుమారయ్యాయేమో కంటితో చూసుకోవాలి. విషయం గడిలో ఒకే మాటను ప్రామాణికంగా ఎంచుకొని, మిగిలినవాటిని పర్యాయపదాలుగా వర్ణనలో చేర్చాలి. ఆ ఎంపికల జాబితాను నమోదు చేసేవారందరి ముందు ఉంచకపోతే, రెండో మనిషి చేరిన వారానికే మూడు వర్ణక్రమాలు పుట్టుకొస్తాయి.