ఎన్నికల వేళ అమెరికాలోని గుడి కమిటీ ఐఆర్‌ఎస్ (అక్కడి కేంద్ర పన్నుల శాఖ) చిక్కుల్లో పడకుండా ఉండడం ఎలా?

అమెరికాలో పోలింగ్ నవంబరు మొదటి సోమవారం మర్నాడు. దసరా, దీపావళి సందడి కూడా అటూ ఇటూగా అప్పుడే. పోటీలో ఉన్నవాళ్లకు అంతమంది మనవాళ్లు ఒకేచోట దొరికేది గుడిలోనే కదా! "మనవాడు స్కూల్ బోర్డుకి నిలబడ్డాడండీ, దీపావళికి స్టేజి ఎక్కిద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. కమిటీకి టెన్షన్ అక్కడ మొదలు.

ముందుగా గుడి పన్ను హోదా చూసుకోండి. దాతలకు పన్ను తగ్గింపు రసీదులు ఇస్తున్నారంటే సాధారణంగా అది 501(సి)(3) సంస్థే, అంటే పన్ను చట్టంలోని ఆ సెక్షన్ కింద మినహాయింపు పొందిన ధార్మిక సంస్థ. టెక్సస్ సెనేటర్‌గా ఉన్నప్పుడు లిండన్ జాన్సన్ 1954లో తెచ్చిన సవరణ ప్రకారం, ఇలాంటి సంస్థ ఏ అభ్యర్థి తరఫునా, ఏ అభ్యర్థికి వ్యతిరేకంగానూ ప్రచారం చేయకూడదు. స్కూల్ బోర్డు ఎన్నిక చిన్నదే కదా అంటే కుదరదు.

ఇక స్టేజి సంగతి. అభ్యర్థిగా పిలిస్తే ప్రత్యర్థులకూ అదే అవకాశం ఇవ్వాలి. మామూలు భక్తుడిలా వస్తే హాయిగా దర్శనం చేసుకోనివ్వండి. పదవిలో ఉన్నవారు వస్తే, వచ్చినట్టు మైకులో చెప్పొచ్చు. పోటీ ఊసు, ఓటు ఊసు మాత్రం ఎత్తకూడదు. శాలువా కప్పి "మన గెలుపు గుర్రం" అన్నారో, అయిపోయింది. హాలు అద్దెకిస్తుంటే అన్ని పార్టీలకూ ఒకే రేటు, అడిగిన వరుసలోనే.

నా లెక్కన అసలు ప్రమాదం స్టేజి కాదు, గుడి వాట్సాప్ గ్రూపు, న్యూస్‌లెటర్. ఛైర్మన్‌గారు సొంత హోదాలో ఎవరినైనా బలపరచవచ్చు, అది ఆయన హక్కు. అదే మాట గుడి న్యూస్‌లెటర్‌లో రాస్తే, ఆ పేజీ ఖర్చు జేబులోంచి పెట్టుకున్నా తప్పే. 2007లో ఐఆర్‌ఎస్ ఇచ్చిన 21 ఉదాహరణల్లో అచ్చంగా ఇలాంటిదే ఒకటుంది. కాబట్టి గ్రూపులో పోస్టు చేసే అధికారం ఒకరిద్దరికే ఉంచండి.

అలాగని నోరు కట్టేసుకోనక్కర్లేదు. ఏ పార్టీకీ మొగ్గకుండా ఓటరు నమోదు శిబిరం పెట్టొచ్చు. ఒక బిల్లు గురించి చట్టసభ సభ్యులతో మాట్లాడొచ్చు, కాకపోతే అది గుడి పనుల్లో పెద్ద భాగంగా మారకూడదు.

"ఎవరు పట్టించుకుంటారండీ?" అనేవాళ్లకు ఒక కథ చెప్పండి. 1992 అధ్యక్ష ఎన్నికకు నాలుగు రోజుల ముందు న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చర్చి, అభ్యర్థి బిల్ క్లింటన్‌కు ఓటేయొద్దన్నట్టుగా రెండు పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చింది. పైగా ఆ ఖర్చుకు విరాళమిస్తే పన్ను తగ్గింపు ఉంటుందని అడుగున రాసింది! ఐఆర్‌ఎస్ ఆ చర్చి పన్ను మినహాయింపు రద్దు చేసింది, 2000లో అప్పీల్ కోర్టు దాన్ని సమర్థించింది.

2025 జులైలో టెక్సస్ కోర్టుకిచ్చిన ఒక పత్రంలో, ప్రార్థన వేళ సొంత భక్తులకు విశ్వాసం కోణంలో చెప్పే మాటలు ప్రచారం కిందకు రావని ఐఆర్‌ఎస్ అంది. అది ఒక కేసులో చెప్పిన మాటే, చట్టంలోని అక్షరాన్ని మార్చలేదు. దాన్ని నమ్ముకుని పూజారిగారి చేత ఆశీర్వచనంలో అభ్యర్థి పేరు చదివించకండి.

పొరపాటు జరిగిపోయిందా? పోస్టు వెంటనే తీసేయండి. గుడి డబ్బు ఖర్చయితే వీలైనంత వెనక్కి రాబట్టి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కమిటీ మినిట్స్‌లో రాయండి. అలాంటి ఖర్చుపై సంస్థకు 10 శాతం పన్ను పడుతుంది, సరిదిద్దకపోతే 100 శాతం. తెలిసి ఒప్పుకున్న కమిటీ సభ్యుల జేబుకీ విడిగా పన్ను ఉంది. ఈ చివరి మాట మీటింగులో కాస్త గట్టిగా చదవండి.