ఎండలు ముదరకముందే డెస్క్‌టాప్‌కు తీసుకోవలసిన జాగ్రత్తలు

చలికాలమంతా ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన డెస్క్‌టాప్ మార్చి నెల సగం గడిచేసరికి మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆగిపోవడం హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో కనిపించేదే. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటే రోజులు మామూలు కనుక, ముఖ్యంగా పై అంతస్తు గదిలో కంప్యూటర్ పెట్టుకున్నవారు ఫిబ్రవరిలోనే ఒక పూట దీనికి కేటాయించాలి. ఆగిపోగానే విండోస్ పాడైందనుకుని ఫార్మాట్ చేయించడం మనకు అలవాటైపోయింది. నిరుడు మా ఇంట్లోనూ అదే జరిగింది. రెండుసార్లు ఫార్మాట్ చేయించాక తెలిసింది, ప్రాసెసర్‌పై కూలర్‌ను పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి ఉందని. ఈలోగా పిల్లల ఫొటోలు కొన్ని పోయాయి. అందువల్ల ఏ పరీక్షకైనా ముందు ఫొటోలు, లెక్కల ఫైళ్లు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు వేరే డిస్క్‌లోకి ఎక్కించుకోండి.

తరువాత చూడవలసింది కంప్యూటర్ ఎలా ఆగుతోందన్నది. ఏ సందేశమూ లేకుండా దీపం ఆర్పినట్టు ఆగితే ఇంటి కరెంటు, ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా), వేడి, ఈ మూడింటినీ ముందుగా అనుమానించాలి. విండోస్ లోపాన్ని తెలిపే నీలం తెర వస్తే ర్యామ్, డ్రైవర్, డిస్క్‌ల వైపు చూడాలి. నీలం తెర చదివేలోపే మాయమవుతుంటే, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కును తీసేస్తే అది నిలిచి ఉంటుంది, దానిపై ఉన్న కోడ్‌ను రాసుకోవచ్చు. కంప్యూటర్‌లో జరిగినవాటిని విండోస్ నమోదు చేసి చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపించినప్పుడు చాలామంది అదే జబ్బు పేరనుకుంటారు. కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు. ఆ నమోదులోని సమయం మాత్రం పనికొస్తుంది: అవన్నీ మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్యే ఉంటే వేడిని, పక్కింటి బోరు మోటారు వేసే వేళకే ఉంటే వోల్టేజీని పట్టించుకోవాలి.

వేడి లెక్క తేలిక. ఫ్యాన్‌తో పనిచేసే కూలర్ ప్రాసెసర్‌ను గది గాలికంటే చల్లగా ఉంచలేదు. గది వేడి పెరిగినకొద్దీ ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 26 డిగ్రీల గదిలో పని ఒత్తిడి మీద 80 చూపించే ప్రాసెసర్, 40 డిగ్రీల గదిలో 94 దగ్గరకు వస్తుంది. చాలా ప్రాసెసర్ల హద్దు 95 నుంచి 100 డిగ్రీలే కాబట్టి, అది అక్కడ ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే ఆగిపోతుంది. హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో ఈ అంకెను ఇప్పుడే చూసి పెట్టుకోండి.

క్యాబినెట్‌ను శుభ్రం చేసేటప్పుడు ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి, బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో ఊదండి. ఫ్యాన్ రెక్కలు విపరీతంగా తిరగకుండా వేలితో ఆపి ఉంచాలి, లేకపోతే బేరింగులు దెబ్బతింటాయి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ తీశాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు మిగిలి ఉంటుంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చడానికి రెంటి మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండి ఉంటే కంప్యూటర్‌ను కాసేపు నడిపి, ఆపి, ప్లగ్ తీశాక, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. ఒక్కసారిగా లాగితే కొన్ని రకాల్లో ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. పాత పేస్ట్ పూర్తిగా తుడిచి, బఠానీ గింజంత కొత్తది వేస్తే చాలు. ఎయిర్ కూలర్ గాలి తగిలితే చల్లబడుతుందని క్యాబినెట్‌ను దాని ఎదురుగా పెట్టేవారున్నారు. ఆ గాలిలో తేమ, ఒక్కోసారి నీటి తుంపర కూడా ఉంటాయి కనుక అది మంచిది కాదు.

యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకు బలహీనపడటం సహజం. ముందు యూపీఎస్‌కు కంప్యూటర్ బదులు టేబుల్ ల్యాంప్ పెట్టి, యూపీఎస్‌కు కరెంటు వచ్చే గోడ స్విచ్ ఆపి చూడండి. ల్యాంప్ ఆరిపోతే బ్యాటరీ మార్చవలసిందే. ల్యాంప్ వెలిగినా, కంప్యూటర్ భారం ఎక్కువ కాబట్టి, ఫైళ్లన్నీ మూసి దానితోనూ ఒకసారి పరీక్షించాలి. ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

నీలం తెరలు వస్తుంటే, ర్యామ్ తీసి కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి తిరిగి పెట్టి, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే చెడ్డది దొరుకుతుంది.

ఇవన్నీ చేసినా కంప్యూటర్ ఆగిపోవడం మానకపోతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకో, మీ వీధిలోని మెకానిక్ దగ్గరికో వెళ్లండి. ఆగిన వేళలు, నీలం తెర కోడ్, ప్రాసెసర్ ఉష్ణోగ్రత రాసిన కాగితం వెంట తీసుకెళ్లి, ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు ఎస్ఎంపీఎస్ మార్చి చూడమని అడగండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు మొదలవగానే ప్లగ్‌తోపాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా ఊడదీయండి. పిడుగుపాటు వోల్టేజీ ఆ దారిన కూడా మదర్‌బోర్డును చేరగలదు.