ఖాళీ కుర్చీ పాట: రాజకీయ ర్యాప్‌కి వీడియో, పోస్టర్ ఎలా చేసుకున్నామంటే

నాది ఒడిశాలోని పర్లాకిమిడి. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వీడియోలు తీయడం నా పని. ఇటు కాశీనగరం, గుణుపురం, అటు సరిహద్దు దాటితే పాతపట్నం, టెక్కలి, ఎక్కడికి పిలిస్తే అక్కడికి కెమెరా బ్యాగు తగిలించుకొని పోతాను. మా చిన్నాన్న కొడుకు ర్యాప్ పాడతాడు. ఒకరోజు కొత్త పాట రాసుకొచ్చి వీడియో తీయమన్నాడు. రోడ్డు గుంతలు, ఆసుపత్రిలో మందులు, సారా, ఉద్యోగాలు, గ్యాస్ ధర అన్నీ ఉన్నాయి అందులో. సాయంత్రం అరుగు మీద కూర్చొని చిన్నమ్మకి వినిపించాం. ఆవిడ చేట పక్కన పెట్టి ఆసాంతం విని, "పాట బాగుంది గానీ బావూ, ఇంతకీ మీకేటి కావాల?" అంది.

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. రాజకీయ పాట తీద్దామనుకునేవాళ్లు కెమెరా కంటే ముందు సంపాదించుకోవలసింది ఆ జవాబే. అది ఒక్క ముక్కలో చెప్పగలిగేది కావాలి. ఎవరో ఒక అధికారి సంతకంతో తీరేది కావాలి. మేము పాతదంతా పక్కన పడేసి ఒక్క సంగతి పట్టుకున్నాం: మా వైపు ఒక బడిలో తెలుగు చెప్పే మేస్టారు రిటైరయ్యారు, ఆ కుర్చీలోకి మళ్లీ ఎవరూ రాలేదు.

ఇది మా ఊరికి చిన్న సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, మా బతుకు అప్పట్నుంచీ అలాగే నడుస్తోంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు మేస్టారుగా పనిచేసింది ఈ ఊళ్లోనే. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టి, వాచకాలు రాసిన మనిషి ఆయన. అలాంటి ఊళ్లో తెలుగు పిల్లలకి తెలుగు అక్షరం చెప్పేవాళ్లు లేకపోవడం నాకు కడుపుమంట. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం చెబుతోంది. అంటే మేం అడిగేది దానధర్మం కాదు.

పాటలో చెప్పే ప్రతి అంకెకీ చేతిలో కాగితం ఉండాలి. ప్రతి బడికీ యూడైస్ కోడ్ అని 11 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది; దాంతో ఆ బడిలో ఎంతమంది పిల్లలో, ఎంతమంది ఉపాధ్యాయులో ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ఖాళీ పోస్టు సంగతి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. ఒడిశాలో అయితే ఫారం-ఏ నింపాలి. ఆ నెల రోజులూ ఊరికే పోవు, పాట రాసుకోవచ్చు.

రాయడం, పాడడం

మా వాడి పాత పాటలో "వ్యవస్థ కుళ్లిపోయింది" అని ఒక పాదం ఉండేది. వ్యవస్థ ఎవరి కంటికీ కనబడదు. బడి దగ్గర ఒక పొద్దుట నిలబడి చూసొచ్చాక అదే చోట "అయిదో తరగతి గుంట ఒకటో తరగతికి మేస్టరు" అని రాశాడు. అది వాడు కళ్లారా చూసినది. వినగానే చిన్నమ్మ కళ్లు తుడుచుకుంది.

తెలుగు మాట ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి అంత్యప్రాస అడక్కుండానే దొరుకుతుంది. పదహారు పాదాలూ "పోయింది, వచ్చింది, అయింది" అంటూ పోతే చెవి మొద్దుబారుతుంది. మన పద్యాల్లో ఉన్న రెండో అక్షరం ప్రాసని వాడుకోండి. మా హుక్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, ఇది:

బల్లలున్నాయి, మేస్టారేరి?
పిల్లలున్నారు, మేస్టారేరి?

రెండో అక్షరం 'ల్ల' రెండుచోట్లా దెబ్బ మీద పడుతుంది. ప్రశ్నని వంతపాటగా పెడితే వినేవాళ్లు మూడోసారికి తామే అందుకుంటారు. బుర్రకథలో కథకుడికి కుడిపక్క వంతగాడు వర్తమాన రాజకీయం మాట్లాడతాడు కదా, మేము రెండో గొంతుకి ఆ పని ఇచ్చాం. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టిన హిప్ హాప్ మన చేతికి వచ్చేసరికి దానికి కూర్చోవడానికి ఇక్కడ అరుగు సిద్ధంగానే ఉంది.

బీటు నిమిషానికి 90 దెబ్బలు పెట్టుకున్నాం. నాలుగు దెబ్బలకి ఒక బార్, దానికి సుమారు 2.7 సెకన్లు. పదహారు బార్ల చరణం 43 సెకన్లు, ఎనిమిది బార్ల హుక్ 21 సెకన్లు. మొదట నాలుగు బార్లు వాయిద్యం, ఆపైన హుక్, చరణం, హుక్, చరణం, హుక్: మొత్తం 60 బార్లు, 2 నిమిషాల 40 సెకన్లు. ఇంతకు మించితే ఫోన్లో చూసేవాళ్ల వేలు ఆగదు. మామూలు నడక తకధిమి, అంటే దెబ్బకి నాలుగు, బార్‌కి పదహారు అక్షరాలు. కోపం వచ్చే చోట తకిటలోకి, అంటే దెబ్బకి మూడు అక్షరాల్లోకి మారండి. పాట పరిగెట్టకుండానే వేడెక్కుతుంది.

బీటుని ఎక్కణ్ణించో ఎత్తుకొస్తే యూట్యూబ్ పట్టేసుకుంటుంది; వీడియో ఆపేయొచ్చు, లేదా డబ్బులు అవతలివాళ్లకి పోవచ్చు. పైగా ఎవరిదో కష్టం అది. మేము తప్పెటగుళ్ల బృందం దగ్గరికి వెళ్లి, వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ దెబ్బల్ని ఫోన్లోనే రికార్డు చేసుకొచ్చాం. గుండె మీద కట్టుకొని కొట్టే ఆ తప్పెట చప్పుడు కింద బేస్ డ్రమ్ము చేరిస్తే ఏ కొన్న బీటుకీ రాని బరువు వచ్చింది. గొంతు రికార్డు చేయడానికి స్టూడియో అక్కర్లేదు. చిన్న గది, చుట్టూ తాళ్ల మీద నాలుగు బొంతలు, మైకుకి నోటికి జానెడు దూరం, మధ్యలో చేతి గాజుకి బిగించిన పలచని నైలాన్ మేజోడు ఉంటే చాలు. ఫ్యాను ఆపండి. రికార్డింగుకి ఆడాసిటీ, బ్యాండ్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే.

ఒక్క బొమ్మ

వీడియో, పోస్టర్, స్టిక్కర్, చొక్కా అన్నిటికీ ఒకే బొమ్మ ఉండాలి. రకరకాలుగా పెడితే ఏదీ గుర్తుండదు. మాకు ఆ బొమ్మ దొరికింది పాత సామాన్ల కొట్లో: చేతులున్న కర్ర కుర్చీ, ఒక కాలు కొంచెం పొట్టి. దాన్ని కొని, పసుపు రంగు వేశాం. నల్లబల్ల మీద పసుపు సుద్దముక్క రంగు. వీడియో అంతటా రంగంటే అదొక్కటే కనబడాలని మా వాడికి నల్ల చొక్కా, మిగతావాళ్లకి తెలుపూ బూడిద రంగూ వేశాం.

కథ ఏమీ లేదు. ఖాళీ కుర్చీ ఊరంతా తిరుగుతుంది. తెల్లవారుజామున మహేంద్రతనయ ఇసుకలో, రాజావారి కోట గోడ ముందు, కూరగాయల సంతలో, కొమ్ము బొమ్మలు చేసే కళాకారుల పనిచోట, బస్సుల స్టాండు దగ్గర. ప్రతిచోటా జనం తమ పని తాము చేసుకుంటారు, మధ్యలో కుర్చీ, పక్కన నిలబడి మా వాడు పాడతాడు. ఎవ్వరూ ఆ కుర్చీలో కూర్చోకూడదని ముందే నియమం పెట్టుకున్నాం. సంతలో ఒక తాత "మేస్టారి కుర్చీనా?" అని అడిగి, తువ్వాలుతో దుమ్ము దులిపి వెళ్లాడు. అది అనుకోకుండా వచ్చిన షాటు. ఆయన్ని అడిగి, ఒప్పుకున్నాకే వాడాం.

షూటింగులో నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైటు కింద తీస్తే షట్టర్ 1/50 కానీ 1/100 కానీ పెట్టండి. లేకపోతే బొమ్మలో చారలు పాకుతాయి. ఫ్రేములు సెకనుకి 25. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా వస్తుంది, ఇవన్నీ దాన్లో చేత్తో బిగించొచ్చు. పాటని స్పీకర్లో గట్టిగా పెట్టి, మొదట ఒక చప్పట కొట్టించండి. ఎడిటింగులో ఆ చప్పటే పెదవుల్నీ పాటనీ కలుపుతుంది. పెదవులు పాటకి సరిగ్గా ఆడుతూ చుట్టూ దుమ్ము మాత్రం నెమ్మదిగా లేవాలనుకుంటే పాటని రెట్టింపు వేగంతో మోగించి, పాడేవాణ్ణి ఆ వేగంలోనే పాడమని, సెకనుకి 50 ఫ్రేములతో తీయండి. తర్వాత సగం వేగానికి దింపితే సరి. ఏటి ఒడ్డు షాట్లన్నీ ఇలా తీసినవే. మా వాడికి నాలిక తిరగడానికి మూడు రోజుల సాధన పట్టింది.

ఎండ నడినెత్తి మీదుంటే కళ్ల కింద నల్లగా పడుతుంది. తప్పనిసరైతే తెల్ల థర్మాకోల్ షీటు ఎదురుగా పట్టండి. రైల్వే స్థలంలో తీయాలంటే రైల్వే అనుమతి కావాలి. మేము గుణుపురం రైలుని బయట పొలంగట్టు నుంచి తీశాం. చిన్న గేజి బండి తిరిగిన దారి అది, ఆ వంపు ఇప్పటికీ అందంగా ఉంటుంది. సరిహద్దు చెక్‌పోస్టు వైపు కెమెరా తిప్పొద్దు. బడి పిల్లల ముఖాలు చూపించొద్దు. అమ్మానాన్నలు సరేనన్నా మేము పలకలు, పాదాలు, చేతులు మాత్రమే తీశాం, ఎందుకంటే పాట చల్లారాక కూడా ఆ పిల్లలు అదే బడిలో చదువుకోవాలి. ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్లో చేశాను. కోతలన్నీ తప్పెట దెబ్బ మీదే.

రెండో చరణం ఒడియాలో ఉంది. పక్కింటి ఒడియా స్నేహితుడు రాసి, తనే పాడాడు. ఈ పాట ఒడియావాళ్ల మీద కాదు. బడిలో ఒడియా చెప్పే మేస్టార్లే మా పిల్లల్ని ఇన్నాళ్లు చూసుకున్నారు. భాష పేరుతో వైరం పెంచడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం కూడా. 356వ సెక్షన్ పరువునష్టం గురించి. అందుకే పాటలో ఏ అధికారి పేరూ లేదు. పోస్టు పేరుంది, ఖాళీ పడిన నెల ఉంది.

పోస్టరు

ఇక్కడ మాకు పెద్ద దెబ్బ తగిలింది. మొదటి వంద పోస్టర్లు వచ్చేసరికి 'మేస్టారేరి' లో ట వత్తు ఊడి పక్కకి పడింది. షాపులో కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. "అన్నా, నాకు చదవడం రాదు కదా, ఎలా తెలుస్తాది?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మేము పాటలో అడుగుతున్నది ఆ అబ్బాయి గురించే. డబ్బులు వెనక్కి అడగలేదు.

ఆ తప్పు మీకు జరగకుండా చేసుకోండి. చాలా షాపుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత తరహా ఫాంట్లతో పని నడుస్తుంది. మన ఫోన్లో యూనికోడ్‌లో రాసినది అక్కడ తెరిస్తే ముక్కలవుతుంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు పేర్చుకొని, వాటిని గీతలుగా, అంటే కర్వ్స్‌గా మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. అప్పుడది బొమ్మ, ఏ కంప్యూటరూ చెరపలేదు. ఏ3 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3508, 4961 పిక్సెళ్లు. తెర మీద మెరిసే పసుపు అచ్చులో మురికిగా దిగుతుంది కాబట్టి ముందు ఒక్క కాపీ తీయించి ఎండలో పెట్టి చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు లిపులు ఉచితంగా ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు గిడుగు. ఆ పేరు చూశాక వేరేది వెతకలేదు.

పోస్టర్ మీద ఉన్నది ఇంతే: నల్ల నేల, పసుపు కుర్చీ, పైన తెలుగులో ప్రశ్న, కింద అంతే పరిమాణంలో ఒడియాలో అదే ప్రశ్న, మూలన క్యూఆర్ కోడ్. పాడినవాడి ముఖం లేదు. మొదట అలిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. రెండు లిపులూ గుండ్రటివే కావడంతో పైనా కిందా అక్కాచెల్లెళ్లలా అమరాయి. యూట్యూబ్ ముఖచిత్రం 1280, 720. ఫోన్లో నిలువుగా చూసే చిన్న వీడియోలకి 1080, 1920. పాటల యాప్‌ల కవరుకి చదరంగా 3000. ఒకే బొమ్మని మళ్లీ పేర్చడమే, కొత్తది గీయొద్దు.

చొక్కాలకి పాత ఎక్స్‌రే ఫిల్ము మీద అక్షరాలు కోసి స్టెన్సిల్ చేశాం. తెలుగులో 'ర' లాంటి మూసుకున్న గుండ్రాల మధ్య ముక్క ఊడి పడిపోతుంది, సన్నటి వంతెనలు వదిలి కోయండి. ఫ్లెక్సీ జోలికి పోలేదు. గోడ మీద అంటించేముందు ఇంటివాళ్లని అడగండి. ఎన్నికల సమయంలో ఎన్నికలకి సంబంధించిన కరపత్రం, పోస్టర్ ఏదైనా సరే, ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఏ చెబుతోంది. మాది ఎన్నికల పోస్టరు కాకపోయినా మేమెప్పుడూ పేరు వేస్తాం. అడిగినవాడు దాక్కోకూడదు.

విడుదల రోజున పాటని ముందుగా ఇంటర్నెట్‌లో పెట్టలేదు. చిన్నమ్మ వాళ్ల వీధిలో తెల్ల దుప్పటి కట్టి, పెళ్లిళ్లకి వాడే ప్రొజెక్టర్‌తో వేశాం. మర్నాడు అర్జీ ఇచ్చాం. అర్జీ పైన కూడా అదే కుర్చీ, అదే ప్రశ్న. ముద్ర వేయించుకున్న కాపీ దాచుకున్నాకే వీడియో ఎక్కించాం. యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించినదాన్ని అదే లింకులో మార్చలేం, కాబట్టి మారే సంగతి వీడియోలో కాకుండా కింద వివరణలో రాసుకోవాలి. మా వివరణలో మొదటి రెండు వరసలు ఇలా ఉంటాయి. అర్జీ ఇచ్చిన తేదీ, పక్కన తేదీ. మేస్టారు వచ్చిన తేదీ, పక్కన ఖాళీ.