పిట్ట ఫొటోకి బైనాక్యులర్స్ సాయం

పార్కులో ఫోన్‌తో పిట్టను తీస్తే ఆకుల మధ్య చుక్కలా పడుతుంది, జూమ్ చేస్తే అంతా మసకే. ఇంట్లో 8 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్స్ ఉంటే ముందు దాంతో పిట్ట మీద ఫోకస్ చేయండి. తర్వాత ఒక కంటి గొట్టానికి ఫోన్ మెయిన్ లెన్స్ ఆనించి, చుట్టూ నల్లటి వలయం తగ్గేదాకా అర సెంటీమీటరు అటూ ఇటూ జరపండి. మిగిలిన నలుపు తర్వాత కత్తిరించుకోవచ్చు. మోచేతులు బెంచీ మీద ఆనించాలి, లేకపోతే వణుకే వణుకు. 3 సెకన్ల టైమర్ పెడితే నొక్కినప్పటి కుదుపు ఉండదు.

కూర్చున్న పిట్టకే ఇది పనికొస్తుంది. ఎగిరేవాటికీ, చీకటి పడ్డాకా దండగ. పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పొద్దు.