పిల్లల రాతలు, చేతిపనులు: ఇంట్లో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

ఐదారేళ్ల పిల్లలను కూర్చోబెట్టి ఏదైనా రాయించబోయినా, అతికించబోయినా పని సగంలో ఆగిపోతే "వీడికి కుదురు లేదు" అనేయడం పెద్దలకు అలవాటు. చాలాసార్లు తప్పు పిల్లవాడిది కాదు, జిగురుదో కాగితానిదో పలకదో అయి ఉంటుంది. అందువల్ల ముందు సరుకును పరీక్షించి, ఆ తరువాతే పిల్లల సంగతి చూడటం మంచిది.

పలక మీద అక్షరం పడదు

మార్కాపురం రాతిపలక ఇంకా ఇంట్లో ఉన్నవారు అదృష్టవంతులే. అయితే దాని మీద కూడా బలపం జారిపోతుంటే కారణం జిడ్డు: తలకు నూనె పెట్టించుకున్న చేతులు, జంతికలు తిన్న చేతులు అదే పలకను తుడుస్తుంటాయి. సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి రాయిస్తే సరిపోతుంది. రాత కంటే నోట్లోకి పోయే బలపమే ఎక్కువగా ఉంటే మాత్రం తిట్టి ప్రయోజనం లేదు. మట్టి, సుద్ద తినాలనిపించడం ఒంట్లో ఇనుము తగ్గినందువల్ల కూడా కావచ్చు కనుక వైద్యునికి చూపించాలి.

రెండు ముక్కలు రాసి "నాకు రాదు" అంటారు

కథ ఊహించడం, అక్షరం దిద్దడం అనే రెండు పనులను చిన్న పిల్లల చేత ఒకేసారి చేయించడమే ఇక్కడ అసలు చిక్కు. కోరికను బట్టి రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగకు వెళ్లొచ్చిన పిల్ల, నెల్లూరు స్వర్ణాల చెరువులో ఎవరు చదువు రొట్టె పట్టుకున్నారో, ఎవరు పెళ్లి రొట్టె పట్టుకున్నారో గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. పెన్సిలు చేతికి ఇవ్వగానే మూగబోతుంది. చెప్పడం ఆమెకు వదిలి, రాయడం పెద్దలు తీసుకోవాలి. ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, సవరించకుండా రాసి, "రొట్టె" అనే మాట వచ్చిన చోటల్లా ఖాళీ వదిలితే ఆ ఒక్క మాటను ఆమె పూరిస్తుంది. ఒత్తు మరిచిపోయి "రొటె" అని రాసినా అప్పుడే దిద్దకూడదు. కథ పూర్తయ్యాక, తానే చదివి వినిపించేటప్పుడు, ఆ లోటు చాలావరకు ఆమె చెవికే తగులుతుంది. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడటం ఏడేళ్ల లోపు సాధారణమే కాబట్టి దానికి బెంగపడనక్కరలేదు. వేళ్లు త్వరగా అలసిపోతుంటే పొడవాటి పెన్సిలుకు బదులు విరిగిన రంగు క్రేయాన్ ముక్క ఇచ్చి చూడండి. ముక్క పొట్టిగా ఉండటం వల్ల పిడికిలితో పట్టుకోవడం కుదరక మూడు వేళ్లే వాడవలసి వస్తుంది.

చిన్న పుస్తకం చేస్తే పేజీలు తలకిందులవుతాయి

ఒకే కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, నడుమ ఒక కోత పెట్టి చేసే పుస్తకంలో, విప్పిన కాగితం మీద సగం గళ్లు తలకిందులుగానే ఉంటాయి. మడవకముందే రాయిస్తే పేజీలు తారుమారవడం ఖాయం. ముందు మడిచి, పేజీల అంకెలు వేయించి, ఆ తరువాతే రాయించాలి.

జిగురు ఉండలు కడుతుంది, కాగితం ముడతలు పడుతుంది

మైదాను వేడినీళ్లలో పోస్తే పైపొర వెంటనే ఉడికి లోపలి పిండి పొడిగానే మిగిలిపోతుంది. ఉండలకు కారణం అదే. ఒక చెంచా మైదాను రెండు చెంచాల చల్లని నీళ్లలో పలచగా కలిపి, తరువాత మరో మూడు నాలుగు చెంచాల నీళ్లు పోసి, సన్నని సెగ మీద కలియబెడుతూ చిక్కబడేదాకా ఉడికించాలి. ముడతలకు కారణం కాగితంలోని నార తడికి ఉబ్బడం, కాబట్టి జిగురును పలచగా రాసి, అతికించినదాన్ని బరువైన పుస్తకాల కింద పెట్టి ఆరనివ్వాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ముసురు పట్టిన రోజుల్లో నీళ్లు ఆవిరి కావు గనుక కొన్న తెల్ల జిగురు కూడా గంటలకొద్దీ ఆరదు. అది జిగురు లోపం కాదు, ఫ్యాను కింద ఉంచాలి. మైదా జిగురును ఏ రోజుకారోజే చేసుకోవాలి. పురుగు పట్టకుండా అట్టలు కట్టేవారు అందులో మైలుతుత్తం కలుపుతారని విని ఇంట్లోనూ కలపకండి. అది విషం, పిల్లల వేళ్లేమో నోట్లోకి వెళుతూనే ఉంటాయి.

గవ్వలు, ఆల్చిప్పలు ఊడిపోతాయి

మైపాడు నుంచో కొత్తపట్నం నుంచో ఏరి తెచ్చిన చిప్పలను తేగానే అతికిస్తే, వాటి మీది ఉప్పు, సన్న ఇసుక జిగురును పట్టనివ్వవు. ఒక రాత్రి మంచినీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, ఎండలో ఆరబెట్టాలి. అయినా కంపు వదలకపోతే లోపల జీవి మిగిలి ఉందన్నమాట, పారేయడమే మేలు.

తాటాకు మడతలో చీలిపోతుంది

ఎండిన ముదురాకుతో గిలకలు, చిలకలు మడవబోతే ఇలాగే జరుగుతుంది. లేత ఆకు తెచ్చి, ఈనె తీసేసి, తడిగుడ్డలో చుట్టి ఉంచి మెత్తబడ్డాక మడిపించాలి. ఆకు అంచు చేతిని కోస్తుంది కాబట్టి ఈనె తీసే పని పెద్దలదే.

కత్తెర కోయక కాగితాన్ని నలుపుతుంది

ఎడమచేతివాటం పిల్లలకు మామూలు కత్తెర ఇస్తే, వాళ్లు నొక్కే తీరుకు రెండు అలుగులూ దగ్గరకు రాక ఎడంగా జరుగుతాయి. ఎడమచేతి కత్తెర దొరికితే కొనండి. లేదంటే కోసే పని మానిపించి, కాగితాన్ని మడత మీద గోటితో గీసి చింపడం నేర్పండి.