ఆగమన కాలంలో పాపసంకీర్తనానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందున్న నాలుగు ఆదివారాలూ, ఇట్టే గడిచిపోతాయి. పాపసంకీర్తనానికి, అంటే గురువు (చర్చి ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, చివరి వారం దాకా ఆగితే క్యూ, టెన్షన్ రెండూ తప్పవు.

- ముందురోజు రాత్రి ఫోన్ పక్కన పెట్టి, పది ఆజ్ఞల వరుసలో ఆత్మశోధన చేసుకోండి.
- "నాకు కోపం ఎక్కువండీ" అని పైపైన చెప్పొద్దు. ఏం చేశారో, ఎన్నిసార్లో చెప్పండి. ఎదుటివాళ్ల తప్పులు అక్కర్లేదు (మనకు ముందు గుర్తొచ్చేవి అవే!).
- బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను (పన్నులు వసూలు చేసేవాళ్లను) ఏడవమనలేదు, నిర్ణయించినదానికన్నా ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. ఎవరి డబ్బయినా ఎగ్గొట్టి ఉంటే తిరిగిచ్చేయండి. మాటలు మానేసిన అన్నకు ఫోన్ చేయండి. "తప్పు నాదే, కానీ నువ్వు కూడా..." అని మాత్రం మొదలుపెట్టకండి.
- సిగ్గేసి పెద్ద పాపం దాచొద్దు. గురువు ఆ మాట ఎవరికీ చెప్పకూడదు.
- గురువు ఇచ్చిన ప్రాయశ్చిత్తం ఆ రోజే చేసేయండి, రేపటికి మర్చిపోతాం.